జిమ్‌లో అతి చిన్న ప్లేటు ఉందా?

కొత్త జిమ్‌కి వెళ్తే ముందుగా ట్రెడ్‌మిల్లుల వరస చూపిస్తారు. ఆ తర్వాత నిలువుటద్దాలు, రంగుల లైట్లు. వీటితో కండ పెరగదు. తిన్నగా బరువుల స్టాండు దగ్గరికెళ్లి, 1.25 కిలోల ప్లేట్లు ఉన్నాయేమో చూడండి.

అలవాటైన బరువునే రోజూ ఎత్తుతుంటే కండరానికి పెరగాల్సిన పని పడదు. బరువు కొద్దికొద్దిగా పెరుగుతూ పోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కాళ్లకు తిరిగి బలం తేవడానికి అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలార్మ్ ఈ పద్ధతినే వాడాడు. ఇందులో కీలకం ఆ ‘కొద్దికొద్ది’ ఎంత అన్నదే. మగవాళ్ల పోటీల బార్ ఒక్కటే 20 కిలోలుంటుంది. కొత్తవాడొకడు ఆ ఖాళీ బార్‌ని తల మీదికి ఎత్తగలుగుతున్నాడనుకోండి. చెరో పక్క 2.5 కిలోలు తగిలిస్తే బరువు ఒకేసారి నాలుగో వంతు పెరిగిపోతుంది. భుజం చాలక నడుము వెనక్కి విరుస్తాడు, నొప్పి మొదలవుతుంది. 1.25 ప్లేట్లయితే పెరిగేది ఎనిమిదో వంతే. అర కిలోవి దొరికితే మరీ మంచిది.

ఆడవాళ్ల బార్ 15 కిలోలే, సన్నంగా ఉండి పట్టు కుదురుతుంది. ఒలింపిక్స్‌లోకి ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ అడుగుపెట్టిన 2000లోనే మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి కాంస్యం తెచ్చింది. ఇన్నేళ్లయినా ఆ బార్ లేని జిమ్‌లు మన ఊళ్లలో బోలెడు!

ఇక గాలి సంగతి. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. గట్టిగా కసరత్తు చేసేటప్పుడు అది వంద లీటర్లు కూడా దాటవచ్చు. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. తలుపులన్నీ బిగించిన గదిలో పాతికమంది రొప్పుతుంటే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది, ఒకరి జలుబు పదిమందికి అంటుకుంటుంది. అలాగని ఏసీ దండగ అనలేం. ఒంటిని చల్లబరిచేది కారే చెమట కాదు, ఆవిరయ్యే చెమట. విశాఖ ఉక్కపోతలో అది ఆవిరి కాక ధారలు కడుతుంది. కాబట్టి ఏసీ ఉన్నా, బయటి గాలి తెచ్చే ఫ్యానో తెరిచే కిటికీలో ఉండి తీరాలి.

స్క్వాట్ ర్యాక్‌కి అడ్డకమ్మీలు లేకపోతే అక్కడ బరువు ఎత్తకండి. మోకాళ్లు మధ్యలో చేతులెత్తేస్తే బార్‌ని ఆపేవి అవే.

ట్రైనర్‌ని అంచనా వేయడం కష్టమేమీ కాదు. తొలి వారాల్లో బలం పెరిగేది ఎక్కువగా నాడీవ్యవస్థ కండరాలను వాడుకోవడం నేర్చుకున్నందువల్ల. కండ కొలతలో తేడా తర్వాత కనిపిస్తుంది. ఈ సంగతి చెప్పి, మీ బరువులు పుస్తకంలో రాసిపెట్టేవాడు పనికొస్తాడు. నెల తిరక్కుండా ‘ఆరు పలకలు’ వస్తాయని ఊరించి పౌడర్ డబ్బా అంటగట్టేవాడు పనికిరాడు.

ఏడాది ఫీజు కట్టేముందు ఒకరోజు, మీరు రోజూ వెళ్లాలనుకునే వేళకే వెళ్లి చూడండి. మధ్యాహ్నం ఖాళీగా కనిపించే జిమ్‌లో సాయంత్రం ఏడింటికి ర్యాక్ కోసం వరస కట్టాల్సి రావచ్చు.