ఐదవ బస్తా

నంద్యాల జిల్లా మిడుతూరు ప్రాంతమున మొక్కజొన్న వేసిన రైతు నెవరినైనను అడిగి చూడుడు: మొదటి బస్తా యూరియాకు చేను కళకళలాడుననియు, రెండవదానికి కంకి నిండుననియు, ఆపైని చల్లినదానిలో చాలభాగము నేలపాలనియు, గణితముతో నిమిత్తము లేకయే చెప్పును. జర్మను శాస్త్రజ్ఞుడు మిచ్చర్లిహ్ 1909లో ప్రకటించిన సూత్రము చెప్పునదియు నదియే. ఎరువు హెచ్చినకొలది దిగుబడి పెరుగుదల క్షీణించుచు, దిగుబడి ఒక గరిష్ఠపరిమితిని సమీపించును.

ఇట్టి వక్రరేఖ చేలో తీసిన కొలతలతో ఎంతవరకు సరిపోలినదో తేల్చుట యెట్లు? పలువురు, దిగుబడిలోని వ్యత్యాసమున గీత వివరించిన పాలును తెలుపు ఆర్-స్క్వేర్ అను సంఖ్యను చూచి, అది 1కి చేరువైనచో తృప్తిపడుదురు. ఊహించిన లెక్క యొకటి చూతము. యూరియా వేయని ఎకరమున 10 క్వింటాళ్లును, ఒకటి మొదలు నాలుగు బస్తాలకు వరుసగా 20, 26, 28, 28 క్వింటాళ్లును పండిన వనుకొందము. వీనికి కనిష్ఠవర్గ పద్ధతిని సరళరేఖను పొదిగినచో ఆర్-స్క్వేర్ 0.82 వచ్చును, పరీక్షలోనైన డిస్టింక్షనే! కాని అసలు దిగుబడినుండి రేఖ చెప్పినదానిని తీసివేయగా మిగిలిన శేషములు –3.6, 2, 3.6, 1.2, –3.2. కొసలు రెండును ఋణములు, నడిమి మూడును ధనములు. యాదృచ్ఛిక దోషములైనచో ఇట్లు విల్లువలె వంగి నిలుచుట అరుదు. రేఖ ఆకృతియే తప్పని అనుమానింపవలెను. ఆ రేఖను నమ్మినవాడు ఐదవ బస్తాకు 35.6 క్వింటాళ్లు ఆశించి, అప్పుచేసియైనను యూరియా కొనును.

వక్రరేఖలకు చిక్కు మరియొకటి కలదు. స్థిరపదముగల సరళరేఖలో, రేఖ వివరించిన వ్యత్యాసమును శేషవ్యత్యాసమును కలిసి మొత్తమునకు సరిపోవును గనుక శాతము చెప్పుట చెల్లును. సరళేతర నమూనాలలో ఆ సమత్వము సాధారణముగా నిలువదు, కావున ఆర్-స్క్వేర్ ఒక సూత్రమున 1ని మించవచ్చును, వేరొక సూత్రమున సున్నకు దిగువకు పోవచ్చును. ఈ సూత్రభేదములను గూర్చి క్వాల్‌సెత్ అను పరిశోధకుడు 1985లోనే హెచ్చరించెను.

పోనీ, గీతను బిందువులన్నిటి మీదుగా వంచుద మందురా? ఐదు బిందువులకు ఐదు పరామితులిచ్చినచో దోషము సున్న, ప్రయోజనమును సున్న. అందుకే జపాను శాస్త్రజ్ఞుడు అకైకే కల్పించిన కొలమానము ప్రతి పరామితికిని జరిమానా విధించును. తెలుగు కుటుంబమున 1920లో హడగళిలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన సి.ఆర్. రావుగారు 1948లో ప్రతిపాదించిన స్కోర్ పరీక్ష, చిన్న నమూనాయే చాలునా, మరియొక పరామితి వలయునా యనుదానిని పెద్ద నమూనాను గణింపకయే పరీక్షించును. నా దృష్టిలో ఇంతకంటె పొదుపైన ఉపాయము లేదు.

1906 నుండి వ్యవసాయ పరిశోధనాస్థానము గల నంద్యాల మిడుతూరికి దూరము కాదు. ఎరువు మోతాదు చెప్పవచ్చినవారు, వారెవరైనను సరే, గీత సరిపోలిక నూటికింతయని చెప్పి ఊరకున్నచో, శేషముల పటమును గూడ చూపుడని రైతులు నిర్మొగమాటముగా అడుగవలెను.