మూడున్నర నిమిషాల్లో రాగం

మీ ఇంట్లో ఏటికొప్పాక బొమ్మ ఉందా? లేకపోయినా ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. విశాఖ వాళ్లకు ఏటికొప్పాక దూరం కాదు. వరాహ నది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉంది. అక్కడి పనివారు గిరగిర తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడితో లక్క మెత్తబడి కర్రకు పూతలా అంటుకుంటుంది. చల్లారగానే గట్టిపడి నిగనిగలాడుతుంది. వేడికి మెత్తబడటం, చల్లారితే ఉన్న రూపంలోనే బిగుసుకుపోవటం అనే ఈ గుణాన్ని నమ్ముకునే ప్రపంచం సుమారు అర్ధశతాబ్దం పాటు తన సంగీతాన్ని లక్కమీద అచ్చు వేసుకుంది. మీ తాతగారింట్లో అటకమీద నల్లగా, బరువుగా ఉండే గ్రామఫోను రికార్డులుంటే, అవి చాలావరకు ఈ లక్కవే.

లక్క చెట్టు బంక కాదు సుమా! మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలమీద బతికే ఒక చిన్న పురుగు స్రవించే పదార్థం. రికార్డులో లక్క పాలు కొంతే. మిగిలింది మెత్తటి రాతిపొడి, మసి. రాతిపొడి ఎందుకంటారా? ఉక్కు సూదిని అరగదీసి, గాడికి సరిపోయేట్టు చెయ్యడానికి. అందుకే ఒక వైపు పాడగానే సూది మార్చేసేవారు. ఉక్కు నగరం వాళ్లం మనం. ఉక్కును లక్క పలక ఓడించిందంటే కొంచెం చిన్నతనంగానే ఉంటుంది!

ఇప్పుడొక లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. పది అంగుళాల రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక వైపు పాట సుమారు మూడున్నర నిమిషాలు. అంటే 273 చుట్లు. చూడటానికి వందల గీతల్లా కనిపించినా, నిజానికి ఉన్నది ఒకటే గాడి. పాము చుట్టలా అంచునుంచి మధ్యకు వస్తుంది. సగటు వ్యాసార్ధం ఎనిమిదిన్నర సెంటీమీటర్లు అనుకుంటే, ఆ గాడి పొడవు దాదాపు 145 మీటర్లు. అంచు దగ్గర సూది కింద సెకనుకు సుమారు మీటరు గాడి జరుగుతుంది. మీ ప్రయోగశాలలోని 512 హెర్ట్జుల శృతిదండం ధ్వనిని అక్కడ చెక్కితే ఒక్కో అల దాదాపు రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. మధ్యకు వచ్చేసరికి అదే అల ఒక మిల్లీమీటరుకన్నా తగ్గిపోతుంది. గాడిని ఇంకా లోపలికి పొడిగిస్తే అలలు మరీ ఇరుకైపోతాయి. కాబట్టి ఎంతటి విద్వాంసుడైనా సరే, ఆ 145 మీటర్లు అయ్యేలోగా ముగించవలసిందే.

ముందే కట్టిన పాటకు ఇది పెద్ద చిక్కు కాదు. ఒక చరణం తగ్గించుకోవచ్చు. చిక్కంతా అప్పటికప్పుడు పుట్టే సంగీతంతోనే. మన కచేరీలో కృతిని గురువు నేర్పుతాడు. దాని ముందు చేసే రాగాలాపన, మధ్యలో వేసే నెరవు, స్వరకల్పన మాత్రం వేదికమీదే పుడతాయి. దీన్నే మనోధర్మం అంటారు. కచేరీలో రాగాలాపన ఒక్కటే అరగంట సాగవచ్చు.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారి సంగతి చూడండి. 1893లో బెంగుళూరులో పుట్టి, మన విశాఖపట్నంలో పెరిగారు. విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరాలని వెళితే, ఆయన వాయింపు విని అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెప్పుకుంటారు. అది 1919. అప్పుడు అక్కడ ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1936లో నాయుడుగారే ప్రిన్సిపాలయ్యారు. పక్కవాద్యంగా ఉండే వయొలిన్‌ను కచేరీ మధ్యలో కూర్చోబెట్టిన వారిలో ఆయన ముఖ్యులు. అటువంటి ఆయన కూడా 78 చుట్ల రికార్డు ఇవ్వవలసి వచ్చినప్పుడు రాగాన్ని నిమిషాల్లోకి కుదించవలసిందే.

ఇది సంగీతానికి జరిగిన అన్యాయమని కొందరంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. చోటు తక్కువైనప్పుడు విద్వాంసుడు రాగానికి ప్రాణమైన పట్లను ఏరి ముందు పెడతాడు. రాగం గుర్తుపట్టడం నేర్చుకునేవారికి మూడున్నర నిమిషాల రికార్డు, మూడు గంటల కచేరీ కన్నా మంచి ఉపాధ్యాయుడు.

అప్పటికప్పుడు వాయించినది మళ్లీ అలాగే వస్తుందా? దీనికీ లెక్క ఉంది. ఆదితాళంలో ఒక ఆవర్తనానికి 8 అక్షరాలు. అక్షరానికి నాలుగు స్వరాల చొప్పున 32 స్థానాలు. మోహన రాగంలో ఉన్నవి అయిదే స్వరాలు. ఒక్కో స్థానంలో అయిదింటిలో ఏదైనా రావచ్చుననుకుంటే మొత్తం విధాలు 5ను 32సార్లు వేసి గుణించినంత. చేసి చూడండి, 23 అంకెల సంఖ్య వస్తుంది! ఇందులో వినసొంపైనవి కొన్నే అనుకున్నా, కొరత మాత్రం ఉండదు. పైగా ఇందులో గమకాలను లెక్కలోకే తీసుకోలేదు.

మనోధర్మం మన సొత్తే అనుకోకండి. అమెరికాలో నల్లజాతి సంగీతకారులు పెంచి పోషించిన జాజ్ సంగీతానికీ అదే ప్రాణం. మామూలు జాజ్‌లో ఒక పాట, దాని వెనక ఒకేసారి పలికే స్వరగుచ్ఛాల వరుస ముందే నిర్ణయమై ఉంటాయి. ఆ చట్రంలో కల్పన చేస్తారు. 1960 డిసెంబరు 21న శాక్సఫోను వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ ఆ వరుసను కూడా పక్కన పెట్టేశాడు. ఎనిమిదిమందిని రెండు జట్లు చేసి, దాదాపు 37 నిమిషాలు ఏకబిగిన వాయించారు. అందరూ కలిసి ఎత్తుకునే కొద్దిపాటి స్వరాలే ముందుగా అనుకున్నవి. 1961లో వెలువడిన ఆ రికార్డు పేరు ‘ఫ్రీ జాజ్’. తర్వాత ఆ బాణీకే ఆ పేరు నిలిచిపోయింది.

అప్పటికి లక్క పోయి, వినైల్ ప్లాస్టిక్కుతో చేసిన ఎల్.పి. రికార్డులు వచ్చాయి. 1948లో మొదలైన వీటి వేగం నిమిషానికి 33 1/3 చుట్లు. గాడి సన్నబడింది, చుట్లు దగ్గరయ్యాయి. ఒక వైపు ఇరవై నిమిషాలు దాటి పట్టేది. అయినా 37 నిమిషాలు ఒక వైపు పట్టలేదు. మధ్యలో తుంచి, రెండో వైపు తిప్పవలసి వచ్చింది!

మొదటిసారి వింటే అది సంతలో గోలలా ఉంటుంది. భయపడకండి. ఇందులో ఒక జట్టు ఎడమ వైపు, రెండో జట్టు కుడి వైపు వినిపిస్తాయి. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని ముందు ఎడమ చెవితోనే వినండి. తర్వాత కుడి చెవితో. మూడోసారి రెండూ కలిపి, ఒక్క వాద్యాన్నే, మంద్రంగా పలికే బేస్‌ను పట్టుకుని వెంట నడవండి. ఒకరు విసిరిన పలుకును మరొకరు ఎలా అందుకుంటున్నారో తెలుస్తుంది. మృదంగం, ఘటం తని ఆవర్తనంలో చేసే సవాలు-జవాబు మీకు తెలిసిందేగా. అక్కడ మన చేతిలో తాళం ఉంటుంది. ఇక్కడ లేదు, అంతే తేడా.

ఆ రోజే ఆ ఎనిమిదిమంది సుమారు 17 నిమిషాలపాటు మరొకసారి కూడా వాయించారు. అది 1971లో వెలువడింది. రెండూ పక్కపక్కన పెట్టి వినడం గొప్ప పాఠం. తపాలా బిళ్లలు సేకరించేవారు ఒకే బిళ్ల రెండు దొరికితే ఒకటి మార్పిడి చేసుకుంటారు. మనోధర్మ సంగీతం సేకరించేవారికి ఆ వెసులుబాటు లేదు. ఒకే విద్వాంసుడు ఒకే రాగాన్ని రెండు రోజులు వాయిస్తే అవి రెండు వేర్వేరు వస్తువులు.

ఇక అసలు సంగతి. త్యాగరాజ కృతి ఉన్న రికార్డు పగిలిందనుకోండి. కృతి పుస్తకంలో ఉంది, శిష్యుల గొంతుల్లో ఉంది. అదే రికార్డుమీది ఆలాపన ఏ పుస్తకంలోనూ లేదు. ఆ పలకలన్నీ పోతే అదీ పోయినట్టే. అందులోనూ మన సముద్రపు ఊళ్లో గాలి నిండా తేమ. రికార్డులమీద బూజు పడుతుంది. టేపులమీద అయస్కాంతపు పొడిని అంటించి ఉంచే జిగురు తేమను పీల్చి బంకలా సాగుతుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుఫాను మళ్లీ వస్తే అటకమీది పెట్టెకు దిక్కెవరు?

కాబట్టి అటకమీద రికార్డులు కనిపిస్తే దొంతరగా పేర్చకండి. కింద ఉన్నవి పగులుతాయి. పుస్తకాల్లా నిలబెట్టండి. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడవండి. స్పిరిటు మాత్రం ముట్టించవద్దు. వడ్రంగి పాలిష్ కోసం లక్కను స్పిరిటులోనే కరిగిస్తాడు. మీ రికార్డూ అలాగే కరుగుతుంది. పాత గ్రామఫోనుమీద పెట్టి సరదాగా వాయించకండి, దాని తల బరువు గాడిని తినేస్తుంది. ఎల్.పి. సూదీ పనికిరాదు, లక్క రికార్డు గాడి వెడల్పు, దానికి సుమారు మూడింతలు లావుగా ఉండే సూది కావాలి. అది ఉన్నవారి చేత కంప్యూటరులోకి ఎక్కించుకుని, నకలునే ఎన్నిసార్లయినా వినండి.

నోటుపుస్తకంలో రాగం, తాళం, వాద్యకారులు, రికార్డు ఎవరింట్లో దొరికింది, ఇవన్నీ రాయండి. లేబుల్‌కూ గాడికీ మధ్య నున్నటి చోట చిన్న అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. రికార్డును వాలుగా వెలుతురుకు పట్టి వాటినీ ఎక్కించండి. ఒకే పాటను రెండుసార్లు ముద్రించి ఉంటే ఆ తేడా చాలాసార్లు అక్కడే తెలుస్తుంది. చెదలు తిని లేబుల్ కాగితం పోయినా ఆ అంకెలు పోవు. అవి లక్కలోనే అచ్చుపడి ఉంటాయి.