టౌను చెత్త తోలించుకుంటున్నారా? సూదులు చూసుకోండి

వేసవిలో చేలకు పెంట తోలే రోజుల్లో, టౌనుకు దగ్గరున్న ఊళ్ల రైతులు కొందరు మునిసిపాలిటీ చెత్త తోలించుకుంటారు. పశువులు తగ్గి పెంటకు కరువొచ్చిన చోట ట్రాక్టరు చెత్త చౌకగా వస్తానంటే ఎవరు కాదంటారు? అయితే అందులో కూరగాయల తొక్కలతోపాటు ఆసుపత్రి సూదులు, బ్లేడ్లు, నెత్తురు కట్లు కూడా ఉండొచ్చు.

అలా కలవడం చట్టానికి విరుద్ధం. 1998లో వచ్చి 2016లో మారిన కేంద్ర నిబంధనల ప్రకారం, పశువుల ఆసుపత్రితో సహా ఏ ఆసుపత్రి అయినా నెత్తురు కట్లు పసుపు సంచిలో, సెలైన్ గొట్టాలు ఎర్ర సంచిలో, సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వేసి, విడిగా శుద్ధికి పంపాలి. ఆసుపత్రి చెత్తలో ప్రమాదమైనది నూటికి 15 పాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దాన్ని వేరు చేయకపోతే మిగతా 85 పాళ్లూ పాడైనట్టే.

కుప్ప వేసి మాగబెడితే సరిపోదా అని మీరు అడగొచ్చు. కుప్ప బాగా వేడెక్కితే క్రిములు చాలావరకు చస్తాయి. సూది మాత్రం సూదిలాగే ఉంటుంది. తగలబెట్టినా అంతే. పైగా ప్లాస్టిక్ గొట్టాలు కాలిన పొగలో డయాక్సిన్ అనే విషం పుడుతుంది.

కాబట్టి జల్లెడ పట్టని చెత్త కొనొద్దు. అమ్మేవాడు 'అంతా మాగిన ఎరువే' అన్నా సరే, నాలుగు పారలు తిరగేసి చూడండి. వరి మడికి అసలే వద్దు. బురదలో వట్టి కాళ్లతో, వట్టి చేతులతో దిగేది నాట్లేసే ఆడవాళ్లు. పశువు సూది మింగితే అది కడుపు గోడను పొడిచి గుండె దాకా పోగలదు.

వాడిన సూది గుచ్చుకుంటే నోటితో పీల్చొద్దు, గట్టిగా పిండొద్దు. పారే నీళ్లు, సబ్బుతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోండి. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి క్రిమి ఒంటి బయట కూడా 7 రోజులు బతకగలదు. దానికి టీకా ఉంది. ఎయిడ్స్ క్రిమి సోకకుండా మందులున్నాయి, కానీ 72 గంటల లోపే మొదలెట్టాలి. ధనుర్వాతం ఇంజెక్షను సంగతీ అడగండి.

మన ఇళ్లలోనూ షుగరు సూదులు, గేదెలకు వేసిన సూదులు పెంటకుప్ప మీదకే పోతున్నాయి. మూతున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి పిల్లలకు అందకుండా ఉంచండి. నిండాక ఎక్కడ ఇవ్వాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. ఇంటికొచ్చి ఇంజెక్షను వేసే వారినైతే, వాడిన సూదిని వారి వెంటే తీసుకుపొమ్మనండి.