హాస్టలు మీద తెగిన కట్ట

మనలో చాలామందిమి చెరువు కింది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమే. ముసురు పట్టిన రాత్రి నీరటితో పాటు నలుగురు పెద్దలు లాంతరు పట్టుకొని కట్ట మీదికి పోవడం చూసినవాళ్లమే. అలా పోయి చూసేవాళ్లు లేని ఒక చిన్న కట్ట సంగతి ఇది. అది తెగి పడింది ఒక విద్యార్థుల హాస్టలు మీద.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టొకోవా అనే ఊరి దగ్గర కెల్లీ బార్న్స్ ఆనకట్ట ఉండేది. ఎత్తు సుమారు 40 అడుగులు, పొడవు 400 అడుగులు. అది ప్రభుత్వానిది కాదు, దిగువనే ఉన్న ఒక బైబిలు కాలేజీ సొంత ఆస్తి. మొదట 1899లో బండరాళ్లతో కట్టారు. తరువాత దానిపై మట్టి పోసి పెంచి, కాలేజీకి కరెంటు తీసుకున్నారు. 1957లో ఆ పని ఆగిపోయింది. కట్ట మాత్రం ఉండిపోయింది, వెనుక చెరువు షికారుకు పనికివచ్చింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చెరువు నిండుగా ఉంటే చూడటానికి అందం, కానీ నిండిన చెరువులో వరదకు చోటుండదు. కేవలం వరదను ఆపడానికి కట్టే ఆనకట్ట మామూలు రోజుల్లో ఖాళీగా ఉండాలి. ఒహాయో రాష్ట్రంలో 1913 వరదలో డేటన్ పట్టణం మునిగాక, 1922 నాటికి అలాంటివి అయిదు కట్టారు. వాటి వెనుక జలాశయాలు లేవు. ఏరు అడుగునున్న దారిలో పారిపోతుంది, వరద వచ్చినప్పుడే నీరు నిలిచి మెల్లగా దిగుతుంది. కెల్లీ బార్న్స్ కట్ట అటు కరెంటుకూ కాదు, ఇటు వరదకూ కాదు. పనిలేని కట్టను ఎవరు చూస్తారు?

1977 నవంబరులో నాలుగు రోజులు వాన పడింది. 6వ తేదీ తెల్లవారుజామున ఒకటిన్నరకు కట్ట తెగింది. నీళ్లు 186 అడుగుల జలపాతం మీదుగా దూకి, మగపిల్లల హాస్టలు కింది అంతస్తును, కుటుంబాలు ఉండే ట్రెయిలర్ ఇళ్లను ముంచాయి. 39 మంది చనిపోయారు, వారిలో 20 మంది పిల్లలు.

విచారణ చేసినవారు ఫలానాదే కారణమని ఒక్కదాన్ని చూపలేకపోయారు. కట్ట వెనుక వాలు మరీ నిటారుగా ఉంది, దానిపై చెట్లు పెరిగాయి. వాలులో కొంత భాగం జారిపోయినట్టు 1973లో తీసిన ఒక ఫొటోలోనే కనిపించింది! నాలుగేళ్ల ముందే కట్ట చెప్పింది, వినేవాళ్లు లేరు. ఆ తరువాత అధ్యక్షుడు కార్టర్ దేశంలోని ప్రమాదకరమైన ప్రైవేటు, స్థానిక ఆనకట్టలను తనిఖీ చేయించారు. చూసినవాటిలో సుమారు మూడోవంతు సురక్షితం కాదని తేలింది.

మన దేశంలో ఆనకట్టల భద్రతా చట్టం 2021లో వచ్చింది. కానీ 10 మీటర్లకు తక్కువ ఎత్తున్న కట్టలు దాని కిందికి రావు. అంటే మన ఊరి చెరువులు చాలావరకు మనం చూసుకోవలసిందే. అలుగుకు అడ్డంగా చేపల వలలు, తుమ్మచెట్లు లేకుండా చూడాలి. అలుగు మూసుకుపోతే నీరు కట్ట మీదుగా పొర్లి మట్టిని కోసేస్తుంది. కట్ట వెనుక ఊట తేటగా ఉంటే కనిపెట్టి ఉండాలి. అదే బురదగా మారిందంటే నీటితో పాటు లోపలి మట్టి కూడా వస్తున్నదన్నమాట. అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా కట్ట కింది ఇళ్లవాళ్లను లేపాలి.