ఆడంబరం – చూపరి

ఆంగ్లంలోని ‘ఆస్టెంటేషన్’ అనే పదాన్ని తెలుగు చేయవలసి వచ్చినప్పుడు మనం సాధారణంగా ‘ఆడంబరం’ అని వ్రాస్తాము. అది తప్పు కాదు. కాని ఈ రెండు పదాల అర్థపరిధులు ఒకటి కావు. ఆ భేదాన్ని గమనించకపోతే అనువాదంలో ఒక వ్యక్తినో, ఒక ఊరివారినో అకారణంగా నిందించినవారమవుతాము.

ఆంగ్లపదానికి మూలం లాటిన్ భాషలోని ‘ఆస్టెండెరె’ అనే క్రియ. ఎదుట చాచి చూపుట అని దాని అర్థం. కనుక ఈ పదంలో మూడు అంశాలు ఇమిడి ఉన్నవి: చూపే వస్తువు, చూడవలసిన పరుడు, అతని మెప్పు పొందవలెననే తహతహ. పదానికి నిందార్థం కలిగినది ఈ మూడవదాని వల్లనే. 1899లో అమెరికన్ ఆర్థికవేత్త థోర్‌స్టైన్ వెబ్లెన్ విరామవర్గాన్ని గురించి వ్రాసిన సుప్రసిద్ధ గ్రంథంలో, పదిమంది కంట పడుటకై చేసే వ్యయాన్ని విశ్లేషించినాడు. చూచేవాడు లేకపోతే ఆ వ్యయానికి ప్రయోజనమే లేదు. గుడికి ఒక దీపం సమర్పించి, వెలుతురును కప్పివేసేటంతగా దానిపై తన పేరు వ్రాయించుకొన్న దాత ఈ పదానికి చక్కని ఉదాహరణ.

ఆంగ్లపదం కంటికి సంబంధించినదైతే, మన పదం చెవికి సంబంధించినది. సంస్కృతంలో ‘ఆడంబరం’ అంటే ఒక విధమైన భేరి. మేఘగర్జన, గజఘీంకారం కూడ దాని అర్థాలే. ఆ మ్రోతనుండే నేటి అర్థం వచ్చినది. ‘పటాటోపం’ ఇంకొక తీరు. ఫట అంటే పాము పడగ, ఆటోపం అంటే దాని విజృంభణ. కోరలలో విషం ఉన్నా లేకున్నా, విప్పిన పడగను చూచి మనిషి జంకుతాడు. లోపల సరుకు లేని ప్రదర్శనకు ఇంతకంటె తగిన మాట దొరకదు. ‘దర్జా’ అరబ్బీలో అంతస్తు. ‘షోకు’ ఆ భాషలోనే మక్కువ. ఒకదానిలో హోదా, రెండవదానిలో తన ముచ్చట ప్రధానం. కనుకనే రెంటిలోను నింద పలుచన. ‘భేషజం’ సంస్కృతంలో ఔషధం కాగా, తెలుగు వాడుకలో లేని గొప్పను నటించుట అయినది.

ఈ భేదాలు నిఘంటువులకు మాత్రమే పరిమితం కావు. రెండు భాషలు ఇరుగుపొరుగుగా ఉన్నచోట ఇవి నిత్యజీవితంలోనే ఎదురవుతవి. ఖరగ్‌పూర్ అటువంటి ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారు రైల్వే కొలువులకై వెళ్లి అక్కడ స్థిరపడినారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాషా ప్రతిపత్తిని ఆమోదించుటలో ఈ ఊరి తెలుగువారి ఉనికికి ముఖ్యమైన పాత్ర ఉన్నది.

బెంగాలీ పత్రికలలో పూజలు ‘సాడంబరే’ జరిగినవని వ్రాయడం పరిపాటి. అది మెచ్చుకోలు. దానిని ‘ఆడంబరంగా జరిగినవి’ అని తెలుగు చేస్తే మన పాఠకునికి దుబారా, అహంకారం స్ఫురిస్తవి. అక్కడ ‘వైభవంగా’ అనవలె. చిత్రమేమంటే, వ్యతిరేకార్థంలో రెండు భాషలూ కలుస్తవి. వారి ‘అనాడంబర’ జీవితం, మన ‘నిరాడంబర’ జీవితం ఒకే గౌరవాన్ని సూచిస్తవి. రూపసామ్యం నమ్మకమైన తోడుగా కనిపించి, సగం దారిలో చేయి విడుస్తుందన్నమాట.

పరిమాణం వేరు, ప్రదర్శన వేరు అని చెప్పుటకు కూడ ఆ ఊరే సాక్ష్యం. సుమారు 1,072 మీటర్ల పొడవున్న ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్ల పొడవైనదిగా చిరకాలం పేరుపొందినది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించినవి. కాని రైళ్ల రాకపోకల అవసరానికై ఏర్పడిన ఆ పొడవును ఎవరూ ఆడంబరమనరు.

ఉత్తరాంధ్రలో గ్రామదేవత ఉత్సవానికి ‘సంబరం’ అని పేరు. అది ‘సంభ్రమం’ అనే పదానికి వికృతి. డప్పులు, దీపాలు, జనసమ్మర్దం అన్నీ అందులో ఉంటవి. అయినా అందులో చూపేవారు, చూచేవారు అనే విభజన లేదు. వచ్చిన ప్రతివాడూ పాలుపంచుకొంటాడు. ఆ విభజన ఏర్పడిన క్షణాన సంబరం ఆడంబరమవుతుంది.

అందువల్ల ఈ ఆంగ్లపదం ఎదురైనప్పుడు అనువాదకుడు ముందుగా నిఘంటువును గాక సన్నివేశాన్ని విచారించవలె. ఇది ఎవరి కంట పడుటకై చేసిన పని? చూచేవారు వెళ్లిపోతే ఈ పని సాగుతుందా, ఆగుతుందా? ఆగిపోయేదైతే ‘ఆడంబరం’ అనవచ్చును. అందులో సత్తువ కూడ లేకపోతే ‘పటాటోపం’ అనవలె. సాగేదైతే దానిని వైభవమో, సంబరమో అని పిలుచుట న్యాయం. పేదవాడు ఏడాదికొకసారి జరుపుకొనే పండుగను మూలంలో లేని నిందతో మన భాషలోనికి తేకుండుట ఈ చిన్న విచారణ మీదనే ఆధారపడి ఉన్నది.