వార్తల్లో పదము: అర్బన్ గ్రోత్ ఏరియా

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున, సియాటిల్‌కును, తెలుగువారు పెక్కుమంది నివసించు బెల్‌వ్యూ, రెడ్మండ్ నగరములకును నెలవైన కింగ్ కౌంటీ మొదలుగా అనేక కౌంటీలు, రాబోవు ఇరువదియేండ్ల జనవృద్ధిని దృష్టియందుంచుకొని రచించు భూవినియోగ ప్రణాళికలలో తరచుగా వినవచ్చు పదము ‘అర్బన్ గ్రోత్ ఏరియా’, అనగా నగర వృద్ధి పరిధి. 1990 నాటి గ్రోత్ మేనేజ్‌మెంట్ శాసనము దీనికి ఆధారము. రేఖకు లోపల నగరము పెరుగవచ్చును. వెలుపల పొలములు, అరణ్యములు, గ్రామీణ జీవనము నిలువవలెను.

రేఖను గీయు అధికారము కౌంటీది. ఫలితమును అనుభవించునది నగరము. తన సరిహద్దునకు ఆవలనే, కౌంటీ అనుమతితో, ఇండ్లు దట్టముగా లేచినచో, ఆ నివాసులు నగరపు వీధులమీదుగానే రాకపోకలు సాగింతురు, నగరపు ఉద్యానములనే వాడుకొందురు; వారి ఆస్తిపన్ను మాత్రము నగరపు ఖజానాకు చేరదు; రేపు ఆ ప్రాంతమును విలీనము చేసికొనవలసి వచ్చిననాడు, ఇరుకు బాటలను, చాలని మురుగు కాలువలను సరిదిద్దు భారమును నగరమే మోయవలెను. కనుక నగరపాలకులు ముందుగానే ఆందోళన తెలుపుట సంకుచితత్వము కాదు, న్యాయమేయని నా దృఢాభిప్రాయము.

శాసనకర్తలును దీనిని గుర్తించిరి. కౌంటీ ప్రతి నగరముతోను సంప్రదించి అంగీకారమునకు యత్నింపవలెను. అది కుదరనిచో తన నిర్ణయమునకు కారణములను లిఖితపూర్వకముగా చూపవలెను. నగరము రాష్ట్ర వాణిజ్యశాఖకు అభ్యంతరము తెలుపవచ్చును, ఆ శాఖ మధ్యవర్తిత్వము నెరపవచ్చును. అప్పటికిని తీరని వివాదములను గ్రోత్ మేనేజ్‌మెంట్ హియరింగ్స్ బోర్డు ఎదుటికి కొనిపోవచ్చును.