ప్రతి చీటీలో పాత జబ్బు రాయించండి



హుజూరాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి దగ్గుతోనో, కాలి పుండుతోనో వచ్చినవారిని "ఇంకేమైనా జబ్బులున్నాయా?" అని అడుగుతాం. "ఏం లేవు, షుగరు గోలీ వేసుకుంటున్న గదా" అంటారు. గోలీలతో షుగరు అదుపులో ఉంటుంది గాని పోదు.

డాక్టరు రాసిన ప్రతి జబ్బుకూ రికార్డులో ఒక కోడ్ వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-10 పట్టికలో టైప్-2 షుగరుకు ఇ11, ఎక్కువ బీపీకి ఐ10. రాయని జబ్బుకు కోడ్ వేయరాదు. రికార్డు తనిఖీ చేసే ఆడిటర్‌కు అది లేనట్టే. అసలు నష్టం రోగికే. షుగరున్న సంగతి తెలియక స్టిరాయిడ్ ఇస్తే షుగరు బాగా పెరిగిపోవచ్చు.

అందుచేత ఏ బాధతో వచ్చినా పాత చీటీలు, గోలీల అట్టలు వెంట తెండి. షుగరు, బీపీ, ఉబ్బసం, ఫిట్స్ ఉంటే ముందే చెప్పండి. ఇంటికి వెళ్లేముందు అవి చీటీలో ఉన్నాయో లేదో చదివించుకోండి.